మూడోసారి అడగని తోటికోడలు

మా తోటికోడలు ఇంగ్లండులో సంస్థ పెట్టిందన్న కబురు అందిన రోజు నా కడుపు ఎంత మండిందంటే, పక్క గదిలో వరిగడ్డి వేసి మాగబెట్టిన చిన్న రసాలు నాలుగు రోజులు ముందే పండిపోయాయి. అది ఎండల వల్ల అని మావారు ఇప్పటికీ వాదిస్తారు. ఆయన మామిడి తోటలు కౌలుకు చేసే మనిషి. కాయల సంగతి తెలుసు గానీ కడుపుల సంగతి తెలియదు.

కబురు ఫోన్లో ఫోటోగా వచ్చింది. ఒక చర్చి హాలు, గుమ్మానికి ఎర్ర రిబ్బను, దాని ముందు కత్తెర పట్టుకుని మా తోటికోడలు. అంటే మా మరిది భార్య, నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నది. విజయవాడలో నర్సుగా చేస్తూ చేస్తూ, తొమ్మిదేళ్ల కిందట మొగుణ్ణీ పిల్లనీ వెంటబెట్టుకుని ఆ దేశం వెళ్లింది. వాళ్లుండే ఊరి పేరు సరిగ్గా పలకాలంటే నోట్లో రెండు రేగుపళ్లు పెట్టుకోవాలి. ఆ ఫోటోలో ఆమె వెనక తెల్లవాళ్లూ నల్లవాళ్లూ మనవాళ్లూ కలిసి లక్ష మంది నిలబడ్డారు. మావారు కళ్లజోడు తగిలించుకుని లెక్కపెట్టి పదిహేడు మందే అన్నారు. ఆయన లెక్క ఎప్పుడూ అంతే. తోట యజమాని ముందు చెట్టు మీద కాయల్ని కూడా అలాగే లెక్కపెడతారు.

ఫోటో కింద రాసి ఉంది: "ఆసరా లేని తల్లులకీ పిల్లలకీ తోడుగా మా చిన్న సంస్థ. మా కోసం ప్రార్థించండి." ప్రార్థించాను. ఏమని ప్రార్థించానో దేవుడికీ నాకూ తెలుసు. ఆయన పైకి చెప్పడని నా నమ్మకం.

"ఏమే, కుళ్లుకుంటున్నావా?" అన్నారు మావారు.

"నాకెందుకండీ కుళ్లు? వాక్యం తెలిసినదాన్ని."

"అందుకే అడిగా."

ఆయన నవ్వుతారు గానీ, నా బాధ న్యాయమైనదో కాదో మీరే చెప్పండి. నేను ఆగిరిపల్లి దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్ని. ఇరవై రెండేళ్లుగా కడుపుతో ఉన్నవాళ్లకి గుడ్లు ఇస్తున్నాను, బాలింతల మంచం దగ్గర కూర్చుంటున్నాను, పిల్లల్ని తూకం వేస్తున్నాను. కోతల కాలంలో తల్లులు తెల్లారేసరికి తోటల్లోకి పోతే, ఆ పిల్లలందరి ముక్కులూ తుడిచేది నేనే. నేను తుడిచిన ముక్కుల్ని వరసగా పేరిస్తే నూజివీడు దాటి, రెడ్డిగూడెం చుట్టి, మళ్లీ మా గుమ్మం దాకా వస్తాయి. ఇంత చేస్తే ఒక్కరైనా రిబ్బను కట్టారా? సముద్రానికి ఇవతల చేస్తే డ్యూటీ. అవతల చేస్తే సేవ.

పైగా ఆ సంస్థ పుట్టింది అక్కడ కాదు. మా అంగన్‌వాడీ వరండాలో, ఒక గుమ్మడికాయ మీద పుట్టింది.

రిబ్బనుకి రెండేళ్ల ముందు సంగతి అది. మధ్యాహ్నం పిల్లలకి అన్నాలు పెట్టి కూర్చున్నానో లేదో, తోటికోడలు వీడియోలోకి వచ్చింది.

"అక్కా, అర్జెంటు. ఇక్కడ విస్సన్నపేట అమ్మాయొకతి ఉంది. నీళ్లాడి పన్నెండు రోజులు. మొగుడు చేసే కంపెనీ మూతపడి, ఇంకో ఊళ్లో పని వెతుక్కుంటా తిరుగుతున్నాడు. ఒక్కతే ఉంది గదిలో. పిల్లోడికి నీళ్లెలా పొయ్యాలో తెలీక ఏడుస్తుంది."

"నువ్వు నర్సువి కదమ్మా, నువ్వు పొయ్యి."

"నాకు టబ్బులో తెలుసక్కా. ఆ అమ్మాయికి వాళ్లమ్మ పోసినట్టు కాళ్ల మీద పొయ్యాలంట. అది నాకు రాదు. మా పిల్లకి కూడా నువ్వేగా పోశావు!"

అదీ నా గొప్ప. వెంటనే వరండాలో పీట వేసుకుని కూర్చుని, చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, కాళ్లు చాపాను. పసిబిడ్డ కోసం అటూ ఇటూ చూస్తే గుమ్మడికాయ కనిపించింది. ఏనుగు పిల్లంత ఉంది. దాన్ని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టాను. నీళ్ల వేడి మోచేత్తో చూడటం, మెడ కింద చెయ్యి ఎప్పుడూ తియ్యకపోవడం, చెంబుతో ధార తల మీద కాకుండా వీపు మీద పడేలా పొయ్యడం, అన్నీ చూపించాను. వెల్లకిలా తిప్పి నూనె కూడా రాశాను. నా ముందు కూర్చున్న పిల్లలు నా మాట నమ్మినంతగా ఆ గుమ్మడికాయని నమ్మేశారు. "టీచర్, బుజ్జిదానికి కళ్లల్లో సబ్బు పడింది" అని గోల. ఒకతి ఏకంగా ఏడ్చింది. మర్నాడు ఆ కాయని పులుసు పెడితే ఒక్కరు కూడా ముట్టలేదు.

అవతల తెరలో ఆ విస్సన్నపేట అమ్మాయి, కాళ్లు చాపుకుని, పిల్లాణ్ణి వేసుకుని, నన్ను చూస్తూ నీళ్లు పోసింది. వాడు ఏడుపు ఆపాడు. ఆ అమ్మాయి మొదలెట్టింది.

అక్కణ్ణించి వారానికొకతె. ఒకతెకి పాలు పడటం లేదు, ఇంకొకతెకి పిల్ల రాత్రీ పగలూ తేడా లేకుండా గుక్క పడుతోంది, మరొకతె మొగుడు పలకడం మానేశాడు. మా తోటికోడలు డ్యూటీ దిగి ఒక్కొక్క గదికీ వెళ్లేది, నాకు ఫోన్ కలిపేది. తర్వాత వాళ్ల చర్చివాళ్లని అడిగి శనివారం పొద్దున హాలు తీసుకుంది. చిన్నపిల్లల కోట్లు, వాడిన ఉయ్యాలలు, బియ్యం, పప్పు పోగుచేసింది. కాగితాలు రాసింది, సంతకాలు పెట్టించింది, కమిటీ వేసింది. ఆ కత్తెర, ఆ రిబ్బను దాని తర్వాతవి. అందులో గుమ్మడికాయ ప్రస్తావనే లేదు.

అయితే ఒక మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది. రిబ్బను కత్తిరించిన వారానికే ఆమె నన్ను అడిగింది.

"అక్కా, శనివారం శనివారం ఒక గంట నువ్వు ఫోన్లో కూర్చోవా? హాలుకి రాలేని తల్లులు గదుల్లోంచే మాట్లాడతారు. నీ పేరు కమిటీలో కూడా రాయిస్తా."

నా గుండె ఎగిరి వెళ్లి ఎదురుగా ఉన్న బంగినపల్లి చెట్టు చిటారు కొమ్మన కూర్చుంది. నోరు మాత్రం, "నాకెందుకులే అమ్మా ఇయ్యన్నీ" అంది.

ఇక్కడ పుట్టిన ఎవరికైనా ఆ మాటకి అర్థం తెలుసు. అది 'వద్దు' కాదు. అది మొదటి మెట్టు. అన్నం వడ్డించబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం. అడ్డం పెట్టినవాడి వేళ్ల సందుల్లోంచి వడ్డించాలి. చుట్టమొస్తే కాఫీ ఇప్పుడే తాగొచ్చాం అంటాడు. రెండోసారి అడిగితే అర గ్లాసు చాలంటాడు. మూడోసారికి రెండు గ్లాసులు తాగుతాడు. మొదటిసారికే సరేనన్నవాణ్ణి మా వైపు కక్కుర్తి మనిషి అంటారు. నేను మర్యాదస్తురాలిని. కాబట్టి మొదటి మెట్టు మీద నిలబడి, రెండో మెట్టు కోసం చూశాను.

"సరే అక్కా, నీ ఇష్టం" అని ఫోన్ పెట్టేసింది.

ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. సిగ్నల్ పోయిందేమో, మళ్లీ చేస్తుందేమో అని సాయంత్రం దాకా ఫోన్ని ఛార్జింగులోనే ఉంచాను. మర్నాడు చెయ్యలేదు. ఆ వారం చెయ్యలేదు. పై ఆదివారం చర్చిలో పాస్టరమ్మగారు నా పక్కకి జరిగి, "మీ తోటికోడలు నన్ను అడిగిందమ్మా, శనివారాలు తల్లులతో మాట్లాడమని. ప్రభువు పని కదా, వెంటనే ఒప్పేసుకున్నా" అన్నారు.

వెంటనే! ఒక్కసారికే! మర్యాద అనేది ఈ లోకంలో నా ఒక్కదాని దగ్గరే మిగిలిందని అప్పుడు తెలిసింది.

పాస్టరమ్మగారు మంచావిడ. ఆవిణ్ణి అనడానికి ఏమీ దొరక్క నేను చాలా అవస్థ పడ్డాను. పిల్లలు లేరావిడకి. బొమ్మని టవల్లో చుట్టి పాఠం చెప్పేవారు; ఆ బొమ్మ కళ్లు మూస్తే మళ్లీ తెరుచుకునేవి కావు. ప్రతి శుక్రవారం సాయంత్రం మా ఇంటికొచ్చి, "అమ్మా, పిల్లకి వెక్కిళ్లొస్తే ఏం చెప్పమంటారు? తల్లికి నడుం పట్టేస్తే ఏం చెప్పమంటారు?" అని అడిగి రాసుకుని వెళ్లేవారు. శనివారం నా మాటలు ఆవిడ నోట్లోంచి సముద్రం దాటేవి. నేను ఇక్కడ గడ్డిలో కాయలు తిరగేస్తూ ఉండేదాన్ని. రెండేళ్లు అలా గడిచాయి. ఆ రెండేళ్లలో నేను మింగిన అసూయని ఆరబోస్తే రెండు ఎకరాలు పట్టేది.

ఈ మే నెలలో తోటికోడలు సెలవు పెట్టి వచ్చింది. మూడేళ్ల తర్వాత రావడం. ఆదివారం ఆరాధనలో ఆమె చేత సాక్ష్యం చెప్పిస్తున్నారని ఊరంతా తెలుసు. సాక్ష్యమంటే దేవుడు తన జీవితంలో చేసిన మేలు సభ ముందు నిలబడి చెప్పడం. దేవుడి మేళ్ల తర్వాత మనుషుల మేళ్లు కూడా వస్తాయి. అందుకని నేను పట్టుచీర కట్టుకుని ముందు వరసలో, నా పేరు ఎత్తగానే అందరికీ కనపడేలా, ఫ్యాను కింద కాకుండా వెలుతురులో కూర్చున్నాను.

తెల్లచీరలో లేచి నిలబడింది. గొంతు మెల్లగా ఉంది.

"అక్కడ సాయం చేసేవాళ్లు లేక కాదండీ మేం సంస్థ పెట్టింది. చాలామంది ఉన్నారు, మంచివాళ్లు. మన విస్సన్నపేట అమ్మాయి గదికి కూడా సంచి పట్టుకుని వచ్చారు. 'నీకు ఏమన్నా కావాలా అమ్మా?' అని అడిగారు. ఆ అమ్మాయి 'వద్దండీ, బానే ఉన్నాం' అంది. వాళ్లు నమ్మేశారండీ. నవ్వి, చెయ్యూపి, సంచి పట్టుకుని వెళ్లిపోయారు. వాళ్ల తప్పు కాదు. అక్కడ వద్దంటే వద్దని. బాలింతకి కాస్త జావ పెడదామని నేను బియ్యం డబ్బా తీశానండీ. అడుగు కనపడింది. రెండు రోజులై ఉంటుంది అన్నం తిని."

ఈ ముక్క ఆమె నాకు ఎప్పుడూ చెప్పలేదు. గుమ్మడికాయకి నూనె రాస్తూ నేను గొప్పలు పోతున్నప్పుడు, తెరలో కనపడిన ఆ పిల్ల కడుపులో ఏమీ లేదన్నమాట.

"అందుకే మా సంస్థలో ఒకటే రూలు పెట్టుకున్నాం. ఎవరినైనా మూడుసార్లు అడగాలి. మూడోసారి అడిగేదాకా గుమ్మం దిగకూడదు. అక్కడి వాలంటీర్లు ముందు ఆశ్చర్యపోయారు. ఇప్పుడు వాళ్లే, 'మూడోది అడిగావా?' అని ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు. ఈ రూలు నేను కనిపెట్టింది కాదండీ. మా అత్తారింట్లో భోజనాల దగ్గర నేర్చుకున్నా."

అంతే. భోజనాల దగ్గరట! ఎవరి భోజనాలు? ఎవరి గరిటె? ఆ గరిటెకి ఒక చెయ్యుంటుంది, ఆ చేతికో మనిషుంటుంది కదా! అందరూ చప్పట్లు కొట్టారు. మనసులో మాత్రం ఒకటే మాట తిరుగుతోంది: ముక్కూ మొహం తెలియని వాళ్లని మూడేసి సార్లు అడుగుతావా తల్లీ? మరి నన్ను?

మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికే. కోడికూర, మామిడికాయ పప్పు వడ్డించాను, మూడేసి సార్లు అడిగే వడ్డించాను. పెరుగన్నం వేళకి చన్నీళ్లలో వేసి ఉంచిన చిన్న రసాల బేసిను తెచ్చి మధ్యలో పెట్టాను. ఆమె ఒక పండు తీసుకుని, మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, సొన పిండేసి, కళ్లు మూసుకుని జుర్రింది. మూడేళ్ల కరువు ఒక్క గుక్కలో తీర్చుకోవాలని చూసింది.

"ఇంకోటి వేసుకో."

"చాలక్కా" అంది, అందరూ అన్నట్టే.

నేను బేసిను ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

మా ఇంట్లో అలాంటి ఘోరం ఎన్నడూ జరగలేదు. మావారి చెయ్యి గాల్లో ఉన్నది ఉన్నట్టు ఆగిపోయింది. పిట్టలు కూడా అరవడం మానేశాయి. వెనక నుంచి ఆమె గొంతు వినపడింది.

"అక్కా... బేసిను ఏది?"

"నువ్వే చాలన్నావుగా."

"ఒక్కసారే కదక్కా అన్నా!"

"నేనూ ఒక్కసారే కదమ్మా అన్నాను."

"ఏంటే, నువ్వేం అన్నావు?" అని మావారు. తోటికోడలు ఎంగిలి చేత్తోనే వంటింటి గుమ్మం దాకా వచ్చి, నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"శనివారం సంగతా? రెండేళ్ల నుంచి మనసులో పెట్టుకున్నావా?"

"పెట్టుకోలేదు. మాగబెట్టాను."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఊళ్లో వాళ్లందర్నీ మూడేసి సార్లు అడిగేదానివి, నన్ను ఒక్కసారికే వదిలేశావేం?" అన్నాను. నా గొంతు నాకే పచ్చి కాయలా పుల్లగా వినపడింది.

"ఆ రోజు కూడా ఇలాగే పుల్లగా అన్నావక్కా. నేను రిబ్బను కత్తిరించడం నీకు నచ్చలేదని తెలిసిపోయింది. బయటోళ్లు వద్దంటే నాకేంటి, ఇంకోసారి అడుగుతా. నువ్వు రెండోసారి కూడా వద్దంటే ఏ మొహం పెట్టుకుని ఈ ఇంటికి రాను? అందుకే ఆగిపోయా. ఇందాక చర్చిలో కూడా నీ పేరెత్తితే ఏమంటావోనని భయమేసింది."

కుళ్లు దాచుకోవడంలో నన్ను మించినవాళ్లు జిల్లాలో లేరని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. ఫోన్లో, సముద్రాల అవతల నుంచి, నాలుగు మాటల్లో పట్టేసిందట.

"సరే, రెండోసారి అడుగుతున్నా. కూర్చుంటావా?"

"చూద్దాంలే" అన్నాను. అది రెండో మెట్టు.

ఆమె బేసినులోంచి ఒక పండు తీసుకుని, అక్కడే గుమ్మం మీద కూర్చుని, పిసకడం మొదలుపెట్టింది. పిసుకుతోంది, పిసుకుతోంది. ముచ్చిక తీసింది. సొన పిండింది. సగం తింది. ఈలోగా నాకు రెండు వందల ఏళ్లు వచ్చాయి.

"మూడోది అడగవేంటి?"

"మూడోది నువ్వడుగు."

ఇంత అవమానమా! కానీ రెండేళ్ల శుక్రవారాలు కళ్ల ముందు తిరిగాయి. మెల్లగా అన్నాను: "శనివారాలు నన్ను కూర్చోనిస్తావా?"

"ఎందుకక్కా నీకు శ్రమ" అంది టెంక చప్పరిస్తూ.

"శ్రమేం కాదు. కూర్చుంటాను."

"పాస్టరమ్మగారు ఉన్నారుగా, బానే చేస్తున్నారు."

"నాకు కావాలే!" అని అరిచాను. వీధిలో వెళ్తున్న మోటారు సైకిలు ఆగిపోయింది. "ఆవిడ ఉంటే ఉండనీ. నాకు కావాలి. నాకు కుళ్లుగా ఉంది, నాకు కావాలి."

అప్పుడు నవ్వింది. ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. నా పట్టుచీర మీద ఆ రసం మరక ఇప్పటికీ ఉంది. ఉతికితే పోదు, పోవాలని నేను ఉతకనూ లేదు.

ఆమె తిరిగి వెళ్లాక వచ్చిన మొదటి శనివారం, మధ్యాహ్నం రెండున్నరకి, అంటే వాళ్లకి పొద్దున పదికి, మా వరండాలో పీట వేసుకున్నాను. కాళ్ల మీద కొత్త గుమ్మడికాయ. పాస్టరమ్మగారు ఎదురుగా కూర్చుని ఫోన్ పట్టుకున్నారు. ఆవిడ చెయ్యి రాయిలా కదలదు, ఆ విషయంలో నేను ఒప్పుకుంటాను. అవతల హాల్లో పిల్లల కేకలు. విస్సన్నపేట అమ్మాయి కొడుకు తెర దగ్గరికి వచ్చి, తల్లి నేర్పినట్టుంది, నన్ను "అమ్మమ్మా" అన్నాడు. మా తోటికోడల్ని మాత్రం అందరూ అక్కా అంటారు. ఎనిమిదేళ్ల తేడాకి ఒక తరం పెంచేశారు. ఆ కోపం ఒకటి మింగాను.

హాలుకి రాలేనివాళ్లలో ఒక పిల్ల తన గదిలోంచి మాట్లాడింది. నెల బాలింత. నా గుమ్మడికాయ పాఠం అంతా శ్రద్ధగా చూసింది. పెట్టేయబోతుంటే అడిగాను.

"రాత్రి అన్నం తిన్నావా అమ్మా?"

"తిన్నానండీ."

"ఏం తిన్నావు?"

"అంటే... బానే తిన్నానండీ. మీరు కంగారుపడకండి."

పాస్టరమ్మగారు ఫోన్ వెనక నుంచి నా వంక చూశారు. నేను గుమ్మడికాయని పక్కన పెట్టాను.

"అమ్మా, తిన్నావా?"

ఆ పిల్ల తల వంచుకుంది. చాలాసేపు పిల్లాడి దుప్పటి సర్దింది. "లేదండీ" అంది.

తోటికోడలికి ఇంకో ఫోన్లోంచి చెప్పాను. పిల్లతో ఆ కబురూ ఈ కబురూ చెబుతూ నేను తెర మీదే ఉన్నాను. ఇరవై నిమిషాలకి ఆ పిల్ల వెనక తలుపు చప్పుడైంది. మా తోటికోడలు క్యారియర్ పట్టుకుని లోపలికొచ్చింది. చెప్పులు విడిచింది, కంచం వెతికింది, వడ్డించింది. ఆ పిల్ల నాలుగు ముద్దలు తిని, కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలండీ" అంది. గరిటె ఆగలేదు. వేళ్ల సందుల్లోంచి అన్నం పడింది.

"ఇంకో గరిటె" అని నేను ఇక్కణ్ణుంచి అరిచాను.

"వేస్తున్నాగా అక్కా!" అంది, వెనక్కి కూడా తిరక్కుండా.

రిబ్బను పోనీ, కత్తెర పోనీ, లక్ష మందితో ఫోటో పోనీ. ఆ గరిటె మీద పుట్టినంత కుళ్లు నాకు ఈ జన్మలో దేని మీదా పుట్టలేదు.